కీమో మందు బిళ్ళగన్నేరు నుంచే వస్తుందట, మరి కషాయం తాగితే చాలదా?

ప్రొద్దుటూరు పిల్లోడు:

అన్నలూ అక్కలూ, టెన్షన్‌లో రాస్తున్నాను, కాస్త పొడుగైతే ఏమనుకోవద్దు. మా చిన్నాయనకు మెడ పక్కన గడ్డలు లేచాయి. మొదట టీబీ అనుకున్నారు, బయాప్సీ చేస్తే లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల కేన్సర్ అని తేలింది. రిపోర్టులో డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ అని రాసి ఉంది. తిరుపతిలో చూపించాం. 21 రోజులకొకసారి చొప్పున ఆరుసార్లు కీమో ఇవ్వాలి, వచ్చే వారమే మొదలుపెడదాం అన్నారు. ఆరోగ్యశ్రీ, అదే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు కదా, దాని మీద అయిపోతుంది కాబట్టి డబ్బు గురించి అంత దిగులు లేదు.

దిగులంతా ఇంట్లోనే. మా చిన్నమ్మ తమ్ముడు, నాకు మామ, బద్వేలు దిక్కు ఎవరినో కలిసొచ్చాడు. ఆయన లంకమల అడవిలో వేర్లు తవ్వి తెచ్చి, పొడి కొట్టి ఇస్తాడట. మండలం రోజులు పథ్యంతో మింగితే గడ్డ కరిగిపోతుందట, కానీ అన్నాళ్ళూ ఇంగ్లీషు మందు ముట్టకూడదట. ముప్పై వేలు. అక్కడ ఒకరికి మెడ గడ్డ పది రోజుల్లో సగమైందని, తాను కళ్ళారా చూశానని మామ ఒట్టేసి చెబుతున్నాడు. ఆయన అబద్ధాలాడే మనిషి కాదు, అదే వచ్చిన చిక్కు.

ఇది చాలదన్నట్టు, మా చెల్లెలు కీమో చీటీలో ఉన్న మందుల పేర్లు ఫోన్లో వెతికితే విన్‌క్రిస్టిన్ అనేది బిళ్ళగన్నేరు చెట్టులోంచి తీస్తారని వచ్చింది. ఇక మామను పట్టలేకపోతున్నాం. "వాళ్ళిచ్చేదీ మన దొడ్లో చెట్టే, సీసాలో పోసి సూది గుచ్చుతారు, అంతే తేడా" అంటాడు. జేజి అప్పుడే ఆకులు కోసి కడిగి పెట్టింది కూడా.

చెట్టులో నిజంగానే కేన్సర్ మందు ఉన్నప్పుడు కషాయం ఎందుకు పనిచేయదు? ఆ మెడ గడ్డ ఎలా తగ్గింది? వాట్సాప్‌లో తిరిగే లక్ష్మణ ఫలం, తిప్పతీగ, పసుపు సంగతేంటి? ఎవరినీ తిట్టకుండా చెప్పండి, మామకు చదివి వినిపించాలి.

అనంతపురం ఫార్మసీ సార్:

తమ్ముడూ, మీ చెల్లెలు చదివింది నిజమే. పిల్లలకు నేను చెప్పే పాఠం ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, మామకు కథలా చదివి వినిపించు.

1950ల మొదట్లో జమైకాలో షుగరుకు ఈ బిళ్ళగన్నేరు ఆకు టీ కాచుకుని తాగేవాళ్ళు. అక్కడి ఆకులు కొన్ని కెనడా చేరాయి. రాబర్ట్ నోబుల్ అనే శాస్త్రవేత్త, నిజంగానే షుగరు తగ్గుతుందేమో చూద్దామని ఎలుకలకు ఆ సారం నోటి ద్వారా పట్టించాడు. చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు. సూదితో ఎక్కించి చూస్తే ఎలుకలు ఒళ్ళంతా చీము గడ్డలు లేచి చచ్చిపోయాయి. ఎందుకా అని రక్తం చూస్తే తెల్లకణాలు దారుణంగా పడిపోయి ఉన్నాయి. రక్త కేన్సర్‌లో అదుపు తప్పి పెరిగేవీ తెల్లకణాలే కదా, ఆలోచన అటు మళ్ళింది. నోబుల్, చార్లెస్ బీర్ కలిసి 1958 నాటికి ఆ ఆకులోంచి విన్‌బ్లాస్టిన్ అనే మందును విడదీశారు. అమెరికాలో ఎలీ లిల్లీ కంపెనీ వాళ్ళు అదే చెట్టులో విన్‌క్రిస్టిన్‌ను పట్టుకున్నారు, 1963లో అక్కడ దానికి అనుమతి వచ్చింది. చిన్నపిల్లల రక్త కేన్సర్‌కు, లింఫోమాకు ఇవాళ్టికీ వాడుతున్నారు.

ఇందులో మీ మామ పట్టుకోవాల్సిన ముక్క ఒకటుంది. నోటి ద్వారా పట్టించినప్పుడు ఎలుకకు ఏమీ కాలేదు. విన్‌క్రిస్టిన్ కడుపులోంచి రక్తంలోకి సరిగ్గా ఎక్కదు, అందుకే ఆ మందుకు మాత్ర లేదు, రక్తనాళంలోకి ఎక్కించడమే.

ఇక మోతాదు. ఎంత భారీ మనిషికైనా సాధారణంగా ఒక్కసారికి 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. అంతకు మించితే నరాలు దెబ్బతింటాయి, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, పేగు కదలిక నిలిచిపోతుంది. పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే ప్రాణమే పోతుంది. మరోవైపు ఒక్క గ్రాము విన్‌క్రిస్టిన్ తీయాలంటే వందల కిలోల ఎండాకు కావాలి. అంటే జేజి గిన్నెలో అది ఉన్నా లేనట్టే. కానీ ఆ ఆకులో విన్‌క్రిస్టిన్ ఒక్కటే లేదు, నూరుకు పైగా ఆల్కలాయిడ్లు, అంటే ఒంటి మీద మందులానో విషంలానో పనిచేసే చెట్టు రసాయనాలు ఉన్నాయి, వాటిలో బీపీని పడగొట్టేవీ ఉన్నాయి. కావాల్సింది దొరకదు, అక్కర్లేనివి మాత్రం కడుపులోకి పోతాయి.

ఇంకో మాట. దొడ్లో ఎర్ర గన్నేరో పచ్చ గన్నేరో కూడా ఉంటే మరీ జాగ్రత్త, అవి పూర్తిగా వేరే చెట్లు, గుండెను ఆపేసే విషం. ఫోన్లో "గన్నేరు ఆకు" అని సగం విని కోసుకొస్తే అయిపోయింది.

నల్లమల గాలి:

నేను కర్నూలు వాడిని. సార్ చెప్పింది బాగానే ఉంది గానీ ప్రతిసారీ నాటు వైద్యాన్నే ఎందుకు బోనులో నిలబెడతారు? మా అవ్వకు కామెర్లు వస్తే నేల ఉసిరి పసరుతో తగ్గింది, ఇల్లంతా చూశాం. బీపీ మందు సర్పగంధి నుంచి రాలేదా? మలేరియాకు చెట్టు మందు కనిపెట్టినందుకు చైనావిడకు నోబెల్ ఇచ్చారు, అదే మన పసరు అయితే మూఢనమ్మకం అంటారు. అడవి పట్టుకుని తిరిగే చెంచులకు తెలిసినంత మీ ఫార్మసీ పుస్తకాల్లో ఉందా? పెద్ద ఆసుపత్రికి పోతే మొదటి రోజే సవాలక్ష పరీక్షలు, మనిషి ముఖం చూసి మాట్లాడే నాథుడుండడు. ఆ నాటు వైద్యుడు కనీసం చేయి పట్టుకుని కూర్చోబెట్టి అరగంట మాట్లాడతాడు. జనం ఊరికే పోతున్నారా?

అనంతపురం ఫార్మసీ సార్:

చివరి మాట నూటికి నూరు పాళ్ళు నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు. మిగతావాటికి ఉంది.

సర్పగంధిని బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ బీపీ రోగులకు ఇచ్చి, ఎంత తగ్గింది, ఎవరికి తగ్గలేదు, ఏం ఇబ్బందులొచ్చాయి అన్నీ రాసి 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వేశాడు. ప్రపంచం నమ్మింది అందుకే. తర్వాత దాన్నుంచే రెసెర్పిన్ వచ్చింది. అది కొందరిని దిగులు జబ్బులోకి నెడుతుందని కూడా అలా లెక్క రాస్తేనే బయటపడింది. మీరు చెప్పిన చైనావిడ టు యూయూ చేసిందీ అదే. పాత గ్రంథంలో నీళ్ళలో నానబెట్టి పిండమని ఉంటే, వేడి చేస్తే మందు పాడవుతుందేమోనని తక్కువ వేడిలో సారం తీసి, ముందు తన మీద, తన బృందం మీద పరీక్షించుకుని, ఆ తర్వాతే రోగులకు ఇచ్చింది. నోబెల్ 2015లో వచ్చింది. పరీక్షకు నిలబడిన చెట్టును ఎవరూ తోసేయలేదు, అది నేరుగా మందుల షాపులోకి వచ్చేసింది. మన మనిషి కనిపెట్టింది కావాలంటే మెథోట్రెక్సేట్ అనే కీమో మందు కుటుంబం ఉంది, యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసినవి, 1948లోనే పిల్లల రక్త కేన్సర్ మీద ప్రభావం చూపించాయి. చెట్టు మందు మనది, సూది మందు పరాయిది అన్న లెక్క అక్కడే తప్పుతుంది.

నేల ఉసిరి విషయం. నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు, అంటే హెపటైటిస్ ఎ, చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. ఆ వారాల్లో ఏ పసరు తాగితే పేరు దానికి పోతుంది. ఒంట్లో ఏళ్ళ తరబడి ఉండిపోయే హెపటైటిస్ బి అలా కాదు. 1988లో మద్రాసు డాక్టర్లు నేల ఉసిరి ఇచ్చినవాళ్ళలో సగానికి పైగా మందికి ఆ వైరస్ గుర్తు రక్తంలో కనిపించకుండా పోయిందని లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. ప్రపంచమంతా ఆశపడింది. తర్వాత వేరే చోట్ల చేసి చూస్తే ఆ ఫలితం మళ్ళీ రాలేదు. చూశారా, మన చెట్టుకు అవకాశమే ఇవ్వలేదన్నది నిజం కాదు, ఇచ్చారు, నిలబడలేదు.

పిల్లోడూ, ఇది మీకూ పనికొస్తుంది. చిన్నాయన కీమో చీటీలో రిటుక్సిమాబ్ అనే మందు ఉంటే ముందుగా హెపటైటిస్ బి పరీక్ష అయిందో లేదో చూసుకోండి. లోపల అణిగి ఉన్న వైరస్ ఈ మందుతో లేచి కూర్చుంటుంది, పాజిటివ్ వస్తే ఎంటెకావిర్ లాంటి మాత్ర జత చేస్తారు.

కదిరి సిస్టర్:

కేన్సర్ వార్డులో పనిచేశాను, ఆ "పది రోజుల్లో సగమైన గడ్డ" గురించి నేను చెబుతా.

మీ కీమో చీటీలో చివర ప్రెడ్నిసొలోన్ అని మాత్ర ఉంటుంది, ఐదు రోజులు మింగమంటారు. అది స్టెరాయిడ్. లింఫోమా గడ్డ స్టెరాయిడ్‌కు వెన్నలా కరుగుతుంది, కానీ కొన్నాళ్ళే. ఇప్పుడు ఊళ్ళలో కీళ్ళ నొప్పులకు, ఆయాసానికి ఇచ్చే పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉన్నట్టు ల్యాబుల్లో ఎన్నోసార్లు బయటపడింది. ఆ బద్వేలాయన పొడిలో కలిపాడని నేను అనను, ఆ పొడి నేను చూడలేదు. కానీ పది రోజుల్లో గడ్డ తగ్గి, ఆకలి పుంజుకుని, మనిషి ముఖం గుండ్రంగా నిండుగా అయితే నేను అడవి వేరుకు దండం పెట్టను, స్టెరాయిడేమోనని షుగర్ చెక్ చేయిస్తాను. అలాంటి పొడి వాడినవాళ్ళకు గడ్డ మళ్ళీ లేస్తుంది, ఈసారి మొండిగా లేస్తుంది. బయాప్సీకి ముందే వాడితే ముక్కలో కణాలు సరిగ్గా దొరకక జబ్బు పేరే తేలదు. చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మీ మామ చూసింది అబద్ధం కాకపోవచ్చు, చూసిన రోజుకి అది నిజమే అయి ఉంటుంది. ఆ మనిషిని ఆరు నెలల తర్వాత చూశాడా అన్నది అడగండి.

ఇంకొకటి, అసలు ఆయన గడ్డ కేన్సరేనా? మెడలో బిళ్ళలు టీబీకి వస్తాయి, పంటి చీముకు వస్తాయి, కొన్ని వాటంతటవే పోతాయి. కొన్ని నిదానంగా పెరిగే లింఫోమాలు కూడా కొన్నాళ్ళు తగ్గి మళ్ళీ పెరుగుతాయి. బయాప్సీ కాగితం లేకుండా "కేన్సర్ తగ్గింది" అంటే మనం ఏం తగ్గిందో తెలియకుండా సంతోషపడుతున్నాం.

చిన్నాయనది వేగంగా పెరిగే రకం. కానీ కీమోకు బాగా లొంగే రకం కూడా, ఈ వైద్యంతో సగానికి పైగా మంది పూర్తిగా బాగుపడతారు. మండలం రోజులు ఆగడం అనేది ఈ జబ్బులో చిన్న విషయం కాదు. ఏ స్టేజీ అని మీరు రాయలేదు, రాయనక్కర్లేదు కూడా, డాక్టర్‌ను ఒకటే అడగండి: నలభై రోజులు ఆగితే ఏమవుతుంది అని, మామను పక్కన పెట్టుకుని అడగండి.

ప్రొద్దుటూరు పిల్లోడు:

సిస్టర్, ఆ స్టెరాయిడ్ సంగతి చదివి మా చెల్లెలు ఒక్కసారి కుర్చీలోంచి లేచింది, చీటీలో నిజంగానే ఆ మాత్ర ఉంది. హెపటైటిస్ బి నెగటివ్ అని ఉంది సార్. మామ విన్నాడు గానీ "సరే పొడి వద్దు, కీమో చేయిస్తూనే పక్కన తిప్పతీగ రసం, లక్ష్మణ ఫలం ఆకు ఇస్తే తప్పేముంది, బలానికే కదా" అని కొత్త పాట ఎత్తుకున్నాడు. చిన్నమ్మ కూడా అటే మొగ్గుతోంది.

అనంతపురం ఫార్మసీ సార్:

"పక్కన" అనే మాటతోనే ఎక్కువ నష్టం జరుగుతుంది, ఎందుకంటే అది డాక్టర్‌కు చెప్పరు.

తిప్పతీగ: కరోనా రోజుల్లో ఇంటింటా తాగారు. 2021లో ముంబై డాక్టర్లు, 2022లో దేశంలో పలుచోట్ల డాక్టర్లు కలిసి, తిప్పతీగ వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులు రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, తీగను సరిగ్గా గుర్తించలేదంది. ఆ తగువు అలా ఉంచండి. చిన్నాయనకు ఎక్కే విన్‌క్రిస్టిన్, డాక్సోరూబిసిన్ రెండింటినీ బయటికి పంపేది కాలేయమే. రక్తంలో బిలిరుబిన్, అంటే కామెర్లలో పెరిగే పసుపు పదార్థం పెరిగితే మోతాదు తగ్గించాలి లేదా కీమో వాయిదా వేయాలి. అప్పుడు పెరిగింది మందు వల్లా తీగ వల్లా అని డాక్టర్ తల పట్టుకుంటాడు. ఈ ఒక్క కారణం చాలు, వద్దు అనడానికి.

లక్ష్మణ ఫలం: "కీమో కంటే పదివేల రెట్లు" అనే మెసేజ్ పుట్టింది గాజు పళ్ళెంలో పెంచిన కణాల మీద చేసిన ప్రయోగం నుంచి. మనిషిలో కేన్సర్‌ను తగ్గించినట్టు చూపిన వైద్య పరీక్ష లేదు. పళ్ళెంలో కేన్సర్ కణాల మీద ఉప్పు నీళ్ళు చిక్కగా పోసినా చస్తాయి. పైగా గ్వాడెలూప్ దీవిలో ఈ పండు, దాని ఆకు టీ ఎక్కువగా వాడేవాళ్ళలో పార్కిన్సన్స్‌లాంటి నరాల జబ్బు కనిపిస్తోందని అక్కడి డాక్టర్లు 1999లో లాన్సెట్‌లో రాశారు. విన్‌క్రిస్టిన్ ఎలాగూ నరాల మీదే పడుతుంది. ఎప్పుడో ఒక పండు తింటే ఏమీ కాదు, రోజూ ఆకు కాచుకుని తాగడం వేరు.

పసుపు: కూరలో వేసుకోండి, ఎవరూ వద్దనరు. కేన్సర్‌కు మందు అంటే మాత్రం, క్లోమ కేన్సర్ రోగులకు పసుపులోని అసలు పదార్థం కర్కుమిన్‌ను రోజుకు 8 గ్రాములు మింగించి చూసిన పరీక్షలో కూడా అది రక్తంలోకి చేరింది బాగా తక్కువ, చాలామందికి ఫలితం లేదు.

మీరు అడగలేదు గానీ ఒకటి చెప్పకుండా ఉండలేను. మన నల్లరేగడి చేలల్లో కలుపులా పెరిగే గాడిదగడపాకును పసర్లలో వాడుతుంటారు. ఆ జాతి మొక్కల్లో అరిస్టొలోకిక్ ఆమ్లం ఉంటుంది. 1990లలో బెల్జియంలో సన్నబడడానికి ఇచ్చిన మందులో ఇదే జాతి మొక్క కలిసి, చాలామంది ఆడవాళ్ళ కిడ్నీలు పోయాయి, కొందరికి మూత్రనాళాల్లో కేన్సర్ వచ్చింది. కేన్సర్‌కు మందని పేరు తెలియని పొడి మింగేవాళ్ళు, కేన్సర్ తెచ్చే ఆకులూ ఉంటాయన్నది గుర్తుపెట్టుకోవాలి.

ఎర్రనేల:

మాది కడప. మా ఇంట్లోనూ ఇలాంటి తగువు నడిచింది కాబట్టి మనుషుల సంగతి మాత్రం చెబుతాను, సైన్సు సార్ చూసుకుంటారు.

మామతో వాదన పెట్టుకోవద్దు. ఓడిపోయిన మనిషి రాత్రిపూట చాటుగా పొడి తెచ్చిపెడతాడు. ఆ బద్వేలాయన దగ్గరికి ఆయన్నే పంపండి, మూడు అడిగి రమ్మనండి. పొడిలో ఏముందో కాగితం మీద రాసిస్తాడా? డబ్బుకు రసీదు ఇస్తాడా? నయమైన ఒక్కరి బయాప్సీ రిపోర్టు, ముందూ తర్వాతా స్కానింగులు చూపిస్తాడా? కేన్సర్ నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది, అందుకే ఇలాంటివాళ్ళు బోర్డు పెట్టరు, నోటి మాట మీదే నడుపుతారు. మామ నిజాయితీపరుడని నువ్వే అన్నావు, అలాంటి మనిషికి అవతలివాడు నీళ్ళు నమలడం బాగా కనిపిస్తుంది.

ఇంకా ఆధారం కావాలంటే, 2018లో యేల్ విశ్వవిద్యాలయం డాక్టర్లు కీమో, ఆపరేషన్ అన్నీ వద్దని ప్రత్యామ్నాయ వైద్యం ఒక్కటే ఎంచుకున్న 281 మందిని, అదే దశలో మామూలు వైద్యం తీసుకున్నవాళ్ళతో పోల్చారు. చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు. అందులో రొమ్ము, పెద్దపేగు, ఊపిరితిత్తులు, ప్రోస్టేట్ కేన్సర్లే ఉన్నాయి, లింఫోమా లేదు, అది కూడా దాచకుండా చెప్పు.

ఆ తర్వాత మామకు ఒక పని అప్పగించు. తిరుపతికి తీసుకుపోవడం, ఆరోగ్యమిత్ర దగ్గర కాగితాలు చూసుకోవడం, ప్రతి కీమోకు ముందు రక్త పరీక్ష రిపోర్టులు ఫైల్లో పెట్టడం. బావ కోసం ఏదో ఒకటి చేయాలని ఆయనకు చేతులు ఊరుకోవడం లేదు, పొడి కోసం తిరిగింది కూడా అందుకే. ఒంటిమిట్టకు మొక్కుకుంటానంటే మొక్కుకోనీ, దానికీ కీమోకూ పేచీ లేదు.

నల్లమల గాలి:

మూడు ప్రశ్నలూ బాగున్నాయి. అవే మూడూ కార్పొరేట్ ఆసుపత్రిని కూడా అడగండి, అంతే నేననేది.

ఎర్రనేల:

తప్పకుండా అడగాలి. అక్కడ కనీసం రాసిస్తారు, రాసిచ్చింది పట్టుకుని ఇంకో డాక్టర్ దగ్గరికి పోవచ్చు.

ప్రొద్దుటూరు పిల్లోడు:

మామ ఫోన్ చేసి అడిగాడట. రాసివ్వడం మా వంశంలో లేదు, చెబితే మందు గుణం పోతుంది అన్నాడట ఆయన. మామ మెత్తబడ్డాడో లేదో చెప్పలేను గానీ, తిరుపతికి మాత్రం తానే కారు మాట్లాడాడు. తిప్పతీగ సంగతి చిన్నమ్మ డాక్టర్‌నే అడుగుతానంది. జేజికి ఏదో ఒకటి చేతులతో చేసి పెట్టాలని ఉంది, చీనీ రసం, దానిమ్మ గింజలు పెట్టొచ్చా సిస్టర్?

కదిరి సిస్టర్:

పెట్టొచ్చు. కాయను తొక్కతో సహా బాగా కడిగి, చేతులు సబ్బుతో కడుక్కుని, ఇంట్లో అప్పటికప్పుడు ఒలిచింది మాత్రమే. బండి మీద ఐసు వేసిచ్చే రసం వద్దు, పచ్చి ఆకుల పసరు ఏదైనా అసలే వద్దు, కీమో అయిన వారం పది రోజులకు తెల్లకణాలు పడిపోతాయి, మట్టిలోని క్రిమి ఒక్కటి చాలు. జ్వరం 100.4 దాటితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు, ఏ వేళైనా ఆసుపత్రికి పోవాలి, దగ్గర్లో ఎక్కడికి పోవాలో ముందే డాక్టర్‌ను అడిగి నంబరు రాసుకోండి. నీళ్ళు బాగా తాగించండి. విరేచనం రెండు రోజులు కాకపోతే సిగ్గుపడకుండా చెప్పమనండి, అది విన్‌క్రిస్టిన్ చేసే పని. ఆ ప్రెడ్నిసొలోన్ మాత్రలు పొద్దున టిఫిన్ తిన్నాక వేయించండి, రాత్రి వేస్తే ఆయనకూ నిద్ర ఉండదు, మీకూ ఉండదు.